వార్తల్లో పదం: కలున్యా

నిర్దోషి అని తెలిసీ ఒకరిపై పోలీసుల ముందో, కోర్టు ముందో నేరం మోపడాన్ని ఇటలీ చట్టం ‘కలున్యా’ అంటుంది. పరువునష్టం కన్నా తీవ్రమైన నేరమిది.

అమెరికాకు చెందిన ఒకప్పటి విద్యార్థిని అమాండా నాక్స్‌ను ఇప్పటికీ వదలని మచ్చ ఇదే. 2007 నవంబరులో పెరూజాలో ఆమెతో ఒకే ఇంట్లో ఉంటున్న బ్రిటిష్ విద్యార్థిని మెరెడిత్ కెర్చర్ హత్యకు గురైంది. ఇరవయ్యేళ్ల నాక్స్‌ను పోలీసులు రాత్రంతా ప్రశ్నించారు. లాయరు లేడు, ఇటాలియన్ అంతంతమాత్రం. తెల్లవారేసరికి, తాను పనిచేసే బార్ యజమానే హంతకుడన్న వాంగ్మూలంపై సంతకం చేసింది. ఏ సంబంధమూ లేని అతను సుమారు రెండు వారాలు జైల్లో మగ్గాడు. ఆ అన్యాయం చిన్నదేమీ కాదు.

హత్య కేసులో రూడీ గుడే అనే మరో వ్యక్తికి శిక్ష ఖాయమైంది. నాక్స్‌కు శిక్ష, విడుదల, మళ్లీ శిక్ష. చివరికి 2015లో అత్యున్నత న్యాయస్థానం ఆమెను నిర్దోషిగా తేల్చింది. బార్ యజమానిపై నింద మోపినందుకు పడిన కలున్యా శిక్ష మాత్రం మిగిలింది. ఆ రాత్రి పోలీసు విచారణలో లాయరు సాయం అందలేదని, హక్కులకు భంగం కలిగిందని 2019లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు చెప్పింది. కేసు తిరగదోడినా 2024లో ఫ్లోరెన్స్ కోర్టు ఆమెను దోషి అంది. 2025 జనవరిలో ఆ తీర్పే ఖరారైంది. ఆధారం, ఆనాడు ఆమె చేత్తో రాసిచ్చిన కాగితం. తన వాంగ్మూలం నిజమేనా అని ఆమె సందేహపడింది కూడా అందులోనే.