అడిగిన ప్రశ్న వేరు, కావలసింది వేరు



మన హాస్టల్లో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివిన నేను ఇప్పుడు లైబ్రరీ సైన్సులో పి.జి. చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మనిషి తనకు కావలసిన సమాచారాన్ని ఎలా వెతుక్కుంటాడనేది మాకు ఒక పాఠం. అది నా కథే అనిపించింది.

డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. యూనివర్సిటీలో పరీక్షలు ఇంగ్లీషులో రాయాలన్నారు. లైబ్రరీకి వెళ్ళి "సార్, ఇంగ్లీషు పుస్తకాలు ఎక్కడ?" అని అడిగాను. ఆయన 820 నంబరు అరలు చూపించారు. అవి ఇంగ్లీషు సాహిత్యం. గంటసేపు నాటకాలు, నవలలు తిరగేసి ఉత్త చేతులతో వచ్చాను. నాకు కావలసిన వ్యాకరణం పుస్తకాలు 420 అరల్లో ఉన్నాయి. ఆయన తప్పు చెప్పలేదు. "నాకు ఇంగ్లీషులో జవాబు రాయడం రాదు" అని చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఆ సెమిస్టర్లో ఒక పేపరు పోయింది.

అమెరికాకు చెందిన రాబర్ట్ టేలర్ 1968లో ఈ ఇబ్బందిని నాలుగు మెట్లుగా వివరించారు. మొదట మాటకందని వెలితి. తర్వాత మనసులో మసక రూపం. మూడోది స్పష్టమైన ప్రశ్న. నాలుగోది, లైబ్రరీలో ఏం దొరుకుతుందో ఊహించుకుని కుదించి అడిగే ప్రశ్న. కౌంటరు దగ్గర వినిపించేది ఈ నాలుగోదే. అందుకే మంచి లైబ్రేరియన్ "దేనికోసం బాబూ?" అని మళ్ళీ అడిగి, వెనకటి మెట్లకు వెళతాడు.

కరోల్ కుల్తావ్ అనే ఆచార్యురాలు విద్యార్థులను పరిశీలించి మరో సంగతి చెప్పారు. వెతకడం మొదలుపెట్టాక, స్పష్టత రాకముందు, అయోమయం పెరగడం మామూలేనట. కాబట్టి తికమక పడినంత మాత్రాన మనకు తెలివి లేదని కాదు.

పాఠకుని సమయం ఆదా చేయాలన్నది మన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో నాలుగోది. అందులో మన వంతూ ఉంది. లైబ్రరీలోనైనా, తహసీల్దారు ఆఫీసులోనైనా మూడు మాటలు చెప్పండి: ఏ పని మీద వచ్చాను, ఇప్పటికి నాకేం తెలుసు, ఎప్పటిలోగా కావాలి.

రెండోసారి నేను అలాగే చెప్పాను. ఆయన నవ్వలేదు. సన్నటి వ్యాకరణం పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. పోయిన పేపరు తర్వాత పాసయ్యాను.

తమ్ముళ్ళూ, తెలియదని చెప్పడం నామోషీ కాదు. అడగండి.