పేద పిల్లలకు అడవి శిబిరం: చందా ఎలా కూడుతుంది, ఏ డబ్బు వాడాలి?

వేసవి సెలవుల్లో మన పిల్లలు ఏం చేస్తారో బడిలో పనిచేసేవారికి బాగా తెలుసు. కాస్త ఉన్నవాళ్లు నానీ ఇంటికి వెళ్తారు, లేదా సెల్‌ఫోన్ పట్టుకుని గదిలో కూర్చుంటారు. లేనివాళ్లు మెకానిక్ షెడ్డుకో, గాజుల పనికో, పంక్చర్ షాపుకో వెళ్తారు. జూన్‌లో బడి తెరిచాక వీళ్లలో కొందరు తిరిగి రారు. సెలవుల్లో పిల్లవాడు ఎక్కడ ఉన్నాడన్నది చిన్న విషయం కాదు.

అమెరికాలో ఈ సంగతి 1877లోనే ఒక పాదరీకి తట్టింది. అప్పట్లో న్యూయార్క్ పేదల ఇళ్లు గాలీ వెలుతురూ లేని ఇరుకు గదులు. క్షయ ఇంటింటా ఉండేది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని షెర్మన్ అనే చిన్న ఊళ్లో ఉండే విల్లర్డ్ పార్సన్స్, తన చర్చికి వచ్చే కుటుంబాలను ఒక్కటే అడిగారు: నగరంలోని పేద పిల్లలను కొద్ది రోజులు మీ ఇంట్లో ఉంచుకుంటారా అని. అదే ‘ఫ్రెష్ ఎయిర్ ఫండ్’గా ఎదిగింది. కొన్నేళ్లకు న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక దానికి అండగా నిలిచింది. ఇప్పుడు ఆ సంస్థకు ఫిష్‌కిల్ దగ్గర 2,000 ఎకరాలకు పైబడిన అడవిలో సొంత శిబిరాలున్నాయి. కెనడాలో టొరంటో స్టార్ పత్రిక 1901లో ఇదే పేరుతో మరో నిధి మొదలుపెట్టింది. ఏటా పాఠకుల దగ్గర వసూలైన సొమ్మును పిల్లల శిబిరాలకు పంచుతుంది. కాలిఫోర్నియాలో ముస్లిం కుటుంబాలు కూడా 1960ల నుంచి కొండల్లో, చెట్ల మధ్య పిల్లలకు శిబిరాలు నడుపుతున్నాయి. అక్కడ జమాత్‌తో నమాజూ ఉంటుంది, ఈతా ఉంటుంది.

ఇలాంటి అడవి శిబిరంలో పిల్లలు గుడారం వేసుకుంటారు, పటం చూసి దారి పడతారు, పడవ నడుపుతారు, కట్టెలు ఏరుకుని వంట చేసుకుంటారు. ఇది ఆటవిడుపు మాత్రమే అనుకోకూడదు. విద్యావేత్త కుర్ట్ హాన్ 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో ‘అవుట్‌వర్డ్ బౌండ్’ బడి పెట్టినప్పుడు, యుద్ధంలో ఓడ మునిగినా నిబ్బరం కోల్పోకుండా బతికి బయటపడేలా యువ నావికులను తయారుచేయడం ఒక ముఖ్య ఉద్దేశం. క్లాసులో వెనక బెంచీ పిల్లవాడు అడవిలో ముందు నడవడం ఏ ఉపాధ్యాయుడికైనా చూడదగ్గ దృశ్యం.

ఇక డబ్బు సంగతి. చాలామంది ఈ చందాలు భూమి కొనడానికో భవనం కట్టడానికో అనుకుంటారు. ముఖ్యంగా అవి ఫీజు కట్టలేని పిల్లవాడి ఫీజులో లోటు పూడ్చడానికి. ఒక ఊహాలెక్క చూద్దాం. నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరికి బస్సు, భోజనం, శిక్షకులు, ప్రథమ చికిత్స, బీమా కలిపి 6,000 రూపాయలు. మొత్తం 2,40,000. అందులో పదిహేను మంది పూర్తిగా కడతారు, 90,000. మరో పదిహేను మంది సగం, 45,000. మిగతా పదిమంది ఐదేసి వందలు, 5,000. వచ్చింది 1,40,000. లోటు లక్ష. రెండు వందల ఇళ్లు తలా 500 ఇస్తే లోటు తీరుతుంది. పేదవాడి దగ్గర ఆ ఐదు వందలైనా ఎందుకు తీసుకోవాలంటారా? మా అబ్బాయి ఫీజు మేమూ కట్టామని ఆ తండ్రి చెప్పుకోగలగాలి, అందుకు.

ఈ వసూలు ఏటా జరగాల్సిందే. ఒకసారి పెద్ద దానం పెట్టి దాని ఆదాయంతో నడిపే పద్ధతి మనకు కొత్త కాదు, వక్ఫ్ అదే కదా. కానీ వక్ఫ్ స్థాయికి చేరేదాకా పిల్లల వయసు ఆగదు. టొరంటో స్టార్ ఈ ఏటి లక్ష్యం ఎంత, ఇప్పటిదాకా వచ్చింది ఎంత అని పత్రికలోనే అచ్చు వేస్తుంది. మనం నేర్చుకోవలసింది అది. అయితే పాశ్చాత్య దేశాల్లో చందా అడగడానికి పేద పిల్లల ఫోటోలు, కష్టాల కథలు వేసే అలవాటు కూడా ఉంది. అది నాకు నచ్చదు. పేదలకు గుప్తంగా ఇచ్చే దానం మేలైనదని ఖుర్ఆన్ బఖరా సూరాలో చెప్పింది. లెక్క బహిరంగంగా ఉండాలి, పిల్లవాడి పేరు మాత్రం గోప్యంగా ఉండాలి.

మన సొసైటీల్లో తప్పక వచ్చే ప్రశ్న జకాత్ గురించి. తౌబా సూరా అరవయ్యో ఆయత్ జకాత్‌కు ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. హనఫీ మతాన్ని అనుసరించి, జకాత్ సొమ్ము అర్హుడి సొంతం కావాలి. దీన్నే తమ్లీక్ అంటారు. కాబట్టి గుడారాలు కొనడానికి, వంటవాడి జీతానికి, అందరి బస్సు కిరాయికి జకాత్ వాడకూడదు. అర్హత ఉన్న కుటుంబం చేతికి ఇస్తే, వాళ్లు ఇష్టపడి ఫీజు కట్టుకోవచ్చు. మిగతా ఖర్చుకు నఫిల్ సదఖాలు, సాధారణ విరాళాలు ఉన్నాయి. రెండింటికీ వేర్వేరు రసీదు పుస్తకాలు, వీలైతే వేర్వేరు బ్యాంకు ఖాతాలు ఉండాలి. సందేహం వస్తే కమిటీ తనంతట తాను తేల్చకుండా ముఫ్తీ సాహెబ్‌ను అడగాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ఒక మతం వారికే పరిమితమైన సంస్థలకు ఇచ్చే విరాళాలపై పన్ను మినహాయింపు దొరకదు. శిబిరం అన్ని మతాల పిల్లలకూ తెరిచి ఉంచడానికి ఇదొక కారణం, ఇంతకన్నా మంచి కారణాలూ ఉన్నాయి.

తిండికే లేనివాళ్లకు అడవి దేనికి అని పెద్దలు అడుగుతారు. రేషన్ కిట్లు తగ్గించి శిబిరం పెట్టమంటే నేనూ ఒప్పుకోను. కానీ నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండపై రాళ్లెక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆ శిక్షణ ఖర్చు ఆమె తల్లిదండ్రులు పెట్టగలిగేది కాదు, ప్రభుత్వం పెట్టింది.

మన దగ్గర మే ఎండల్లో అడవికి పిల్లలను తీసుకెళ్లడం తెలివైన పని కాదు. దసరా లేదా సంక్రాంతి సెలవులు మేలు. అనంతగిరి, మారేడుమిల్లి, అరకు అందుబాటులో ఉన్నాయి, అటవీ శాఖ అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి. ఆడపిల్లల బృందం వేరుగా, ఉపాధ్యాయినులతో వెళ్లాలి. వాళ్లను రెండో ఏడాది చూద్దామంటే కుదరదు, మొదటి ఏడాది చందా అడిగేటప్పుడే వాళ్ల ఖర్చూ కలిపి అడగాలి. తల్లులను ఒప్పించడానికి సమయం పడుతుంది కాబట్టి రంజాన్‌లో ఇంటింటికీ వెళ్లినప్పుడే మాట కదిపి పెట్టడం మంచిది.