పేడతో పొయ్యి మంట

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం పల్లెల్లో కట్టెల పొయ్యి ఊది ఊది తల్లుల కళ్ళు ఎర్రబడేవి. మోపు కట్టెలకు ఎంతో దూరం నడవాలి. వాకిట్లో పేడ ఉండనే ఉంది! పిడకలు చేసి కాలిస్తే పొగ తప్పదు, ఎరువూ పోతుంది.

పేడ నుండి వాయువు తీసే గుంత మన దేశానికి కొత్త కాదు. 1950లలో జష్‌భాయ్ పటేల్ రూపొందించిన నమూనాలో గుంతపై ఇనుప డ్రమ్ము తేలేది. డ్రమ్ము ఖరీదు, పైగా తుప్పు. కూలివారి తాహతుకు అది మించినది. 1984లో ఆఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ 'దీనబంధు' నమూనాను తయారుచేసింది. ఇందులో డ్రమ్మే లేదు. భూమిలో ఇటుకలతో కట్టిన గుమ్మటం, అంతే.

మరి వాయువును బయటికి నెట్టేదెవరు? తెలివంతా అక్కడే ఉంది. గాలి సోకని గుమ్మటంలో సూక్ష్మజీవులు పేడను కుళ్ళబెడతాయి. అప్పుడు పుట్టే మీథేన్ వాయువు పైన చేరి, పేడనీళ్ళను క్రిందికి అణచి ప్రక్క తొట్టిలోకి ఎక్కిస్తుంది. వంటింట్లో మీట తిప్పగానే ఆ నీళ్ళు వెనక్కి దిగి, వాయువును పొయ్యి దాకా తోస్తాయి. మిగిలిన మడ్డి పొలానికి మంచి ఎరువు.

ఈ ప్రాంతపు తాలూకాలలో ఇటువంటి గుంతలు 5,500 కట్టే పథకం 2005లో ఐక్యరాజ్యసమితి వద్ద నమోదైంది. బొగ్గుపులుసు వాయువు తగ్గిన మేరకు విదేశాల నుండి సొమ్ము వచ్చే ఏర్పాటు అది. అయితే, కరువు ఏట పశువులను అమ్ముకున్న ఇంట పొయ్యి మళ్ళీ కట్టెలనే అడుగుతుంది.