కంప్యూటరు చేతి చిరునామాల చీటీ



ప్రోగ్రాములు వ్రాయ నేర్చు పిల్లలు మొదట తడబడునది వ్రాతయందు కాదు. పనిముట్లు ఎచ్చట నున్నవో కంప్యూటరునకు తెలుపుటయందు. ఆ తెలుపు విధమును నేడు మనవి చేసెదను.

పాలేరును పిలిచి గొడ్డలి తెమ్మన్నచో, అది కొట్టములో నున్నదో సావడిలో నున్నదో వాడెరుగవలయును గదా! కంప్యూటరునకును అంతియే. 'పైథాన్' అని మనము టైపు చేసినప్పుడు ఆ ప్రోగ్రామును ఏయే ఫోల్డరులలో వెదకవలయునో తెలుపు చీటీ యొకటి దానియొద్ద నుండును. దాని పేరు 'పాత్', అనగా దారి. యంత్రము ఆ వరుసనే వెదకి, మొదట దొరకినదానిని నడపును. పేరును విలువయు గల యిట్టి చీటీలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అందురు. 1979లో బెల్ ప్రయోగశాలలనుండి వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పునందే యివి కలవు.

చీటీ యొక్కటే యైనను వ్రాయు పద్ధతి వేరు. లినక్సునందు 'ఎక్స్‌పోర్ట్' అను ఆజ్ఞతో వ్రాయుదురు. అది నిలిచి యుండవలయునన్న ఆ పంక్తిని సాధారణముగా 'బ్యాష్ ఆర్‌సీ' అను ఫైలులో చేర్తురు. మ్యాక్ యంత్రములందు 2019 నుండి ఆ పనికి 'జెడ్‌ఎస్‌హెచ్ ఆర్‌సీ' అను ఫైలు వాడుదురు. విండోసునందు సెట్టింగులలో 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్' అను కిటికీ తెరచి వ్రాయవచ్చును. మొదటి రెంట చిరునామాల నడుమ కోలను గుర్తుండును. విండోసునందు 'సి' మొదలగు డ్రైవుల పేర్ల వెంటనే కోలను వచ్చును గనుక, నడుమ సెమికోలను ఉంచుదురు.

ఇక ముఖ్యాంశము. ఒక ప్రోగ్రాము మరియొకదానిని తెరచునప్పుడు తన చీటీకి నకలు తీసి యిచ్చును. దస్తావేజు నకలును దిద్దినచో అసలు మారదు. అసలును దిద్దినను మునుపిచ్చిన నకళ్లు మారవు. కావున చీటీ మార్చిన పిదప, పాత కిటికీని మూసి క్రొత్తది తెరువవలయును.

ఒకమారు నేను లినక్సునందు పాత చిరునామాలను విడిచి, క్రొత్తదానిని మాత్రమే వ్రాసితిని. ఫైళ్ల జాబితా చూపు చిన్న ఆజ్ఞ సైతము దొరకలేదని యంత్రము పలికెను. యంత్రము పాడయినదని తలచి, లోపలి సమస్తమును చెరిపి మొదటినుండి ఎక్కింపబోతిని. అట్లు చేసియున్న నెలల పని మట్టిలో కలిసెడిది. అదృష్టవశమున కిటికీని మూసి మరల తెరచితిని. అన్నియు యథాస్థానమున నుండెను! చెడినది నకలు మాత్రమే. ఆ తప్పు పంక్తిని ఫైలులో వ్రాసియున్నచో, దానిని దిద్దువరకు తెరచిన ప్రతి కిటికీయు నట్లే యుండెడిది.

కనుక పెద్దలారా, మీ యింటి కుఱ్ఱవాడు యంత్రము చెడినదని దిగులుపడినచో, చెరుపనీయకుడు. 'అబ్బాయీ, పాతదానికి చేర్చితివా, పాతదానిని తీసివేసితివా?' అని యడుగుడు. ఆ ప్రశ్నయే వాని శ్రమను కాపాడవచ్చును.