నేల దిగిన విహంగాలు

చరిత్ర గ్రంథాలలో మాత్రమే నిక్షిప్తమై ఉండదు. కోటగోడలు, శాసనాలు, నాణేలు గతకాలపు జీవితాన్ని తమలో దాచుకొని ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకు అటువంటి ఆధారాలలో యుద్ధవిమానం ఒకటి. ఒకప్పుడు ఆకాశాన్ని దద్దరిల్లజేసిన ఆ యంత్రం సేవాకాలం ముగిసిన తరువాత ప్రదర్శనశాలలో మౌనంగా నిలుస్తుంది. చూడవచ్చిన వారిలో చాలామంది దాని ముందు నిలబడి తమ చిత్రం తీయించుకొని వెళ్ళిపోతారు. విమానాన్నే చిత్రించదలచిన వారు మాత్రం ముందుగా దానిని చదవడం నేర్చుకోవాలి.

భారత వాయుసేన 1932 అక్టోబరు 8న ఏర్పడింది. దాని మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న నాలుగు వాపిటీ విమానాలతో ప్రారంభమైంది. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు గల ఆ రకం విమానం ఢిల్లీ పాలంలోని వాయుసేన ప్రదర్శనశాలలో ఉంది. రెండో ప్రపంచయుద్ధకాలపు హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలను, 1965, 1971 యుద్ధాలలో పేరుపొందిన నాట్ రకాన్ని కూడా అక్కడ చూడవచ్చు. 1963లో వాయుసేనలో చేరిన మిగ్-21 రకం 2025 సెప్టెంబరులో పూర్తిగా విరమించింది. గుడ్డ కప్పిన రెక్కల కాలం నుంచి ధ్వనివేగాన్ని మించిన కాలం వరకు సాగిన ప్రయాణం ఈ విమానాలలో గోచరిస్తుంది.

ప్రదర్శనశాలలో ఛాయాచిత్రణం సులభమైన పని కాదు. లోపల వెలుతురు తక్కువ. రెక్క పక్కన రెక్క ఆనుకొన్నట్లు విమానాలు నిలిచి ఉంటాయి. నేర్పరి అయిన ఛాయాగ్రాహకుడు వెంటనే కెమెరా ఎత్తడు. విమానం చుట్టూ ఒకసారి తిరిగి, ఏ కోణంలో దాని ఆకృతి స్పష్టమవుతుందో గమనిస్తాడు. ముక్కు, పార్శ్వం, తోక మూడూ కనిపించేలా ఏటవాలుగా నిలబడి తీసిన చిత్రంలో ఆకృతి చక్కగా తెలుస్తుంది. విశాల దృశ్యాన్ని చూపే కటకంతో మరీ దగ్గరగా తీస్తే ముక్కు ఉబ్బి, తోక కుంచించుకుపోయినట్లు కనిపిస్తుంది. చోటు ఉన్నంతవరకు వెనుకకు జరగడమే దానికి మందు. ఫ్లాష్ కాంతి నున్నని లోహంపై పడితే తెల్లని మచ్చ ఏర్పడుతుంది. దానికి బదులు కెమెరాను కటకటాలపై కదలకుండా ఆనించి, షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచడం మేలు. అద్దం వెనుక ఉన్న వస్తువును తీసేటప్పుడు కటకాన్ని అద్దానికి చేరువగా ఉంచితే ప్రతిబింబాలు తగ్గుతాయి.

ఆరుబయట ఉన్న విమానానికి సూర్యుడే దీపం. విశాఖపట్నం సాగరతీరంలోని టీయూ-142 ఇందుకు మంచి ఉదాహరణ. రష్యాలో తయారైన ఈ విమానం 1988 నుంచి 2017 వరకు భారత నౌకాదళంలో సముద్రంపై నిఘా విధులు నిర్వహించింది. 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా మారింది. దాని నాలుగు ఇంజన్లలో ఒక్కొక్కదానికి రెండేసి ప్రొపెల్లర్లు ఉన్నాయి. అవి పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగేవి. ఉదయపు ఎండ సముద్రం మీదుగా ఏటవాలుగా వచ్చి, ఆ వైపు రేకుల అతుకులను, రివెట్ల వరుసలను స్పష్టంగా చూపుతుంది. నడినెత్తి ఎండలో రెక్కల కింద నల్లని నీడ కమ్ముకొని ఆ వివరాలు మరుగున పడతాయి.

ఈ చిన్న వివరాలకు అంత విలువ ఎందుకు? లిబరేటర్ అనే భారీ బాంబరు విమానాల కథ ఇందుకు సమాధానం చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఆ విమానాలను, మళ్ళీ ఎగరకుండా పాడుచేసి, కాన్పూరులో వదలివేశారు. బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారం వాటిని బాగుచేసింది. శిథిలాల నుంచి లేచిన ఆ విమానాలను భారత వాయుసేన 1968 వరకు ఉపయోగించి, తరువాత కొన్నింటిని విదేశీ ప్రదర్శనశాలలకు అందజేసింది. లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ ప్రదర్శనశాలలోను, అమెరికాలోని పీమా ప్రదర్శనశాలలోను ఉన్న లిబరేటర్లు అటువంటివే. అయితే ఇప్పుడు వాటిపై బ్రిటిష్, అమెరికన్ రంగులు ఉన్నాయి. కొత్త రంగు విమానాన్ని కాపాడుతుంది. కానీ, దాని జీవితంలోని ఒక అధ్యాయాన్ని కప్పివేస్తుంది. భారత చిహ్నాలతో అవి ఎలా ఉండేవో చూపగలిగినవి ఆనాటి ఛాయాచిత్రాలే.

అందువలన విమానం మొత్తాన్ని తీసిన తరువాత దాని సంఖ్యను, చిహ్నాన్ని, అతుకులను, పాదాల ఒరిపిడికి రంగు పోయిన మెట్టును విడివిడిగా చిత్రించాలి. పక్కనున్న సమాచార ఫలకాన్ని కూడా తీసి, తేదీని, స్థలాన్ని రాసిపెట్టుకోవాలి. తుప్పు మరకను అందం కోసం కంప్యూటరులో చెరిపివేయరాదు. ఆ మరక కూడా సాక్ష్యమే. విమానాన్ని తాకడం, హద్దులు దాటడం, అనుమతి లేకుండా ట్రైపాడ్ నిలపడం తగదు.

యుద్ధవిమానం చూడ ముచ్చటైన యంత్రమే కావచ్చు. కానీ అది ఆయుధమని మరువరాదు. దానిని రూపొందించిన మేధ, నడిపిన ధైర్యం, దాని వలన నేలపై కలిగిన దుఃఖం మూడూ దాని చరిత్రలో భాగాలే. ఆ మూడింటినీ తలచుకొంటూ తీసిన చిత్రం అలంకారంగా మిగిలిపోదు; రంగు మారినా, రెక్క శిథిలమైనా రాబోయే తరాలకు సాక్ష్యంగా నిలుస్తుంది.