అమ్మతో అరకు – ఒక్క రోజు ప్రయాణం



పల్లెనుంచి అమ్మ వచ్చిందంటే మనకు సంబరమే. కాని పట్నంలో ఆవిడకు ఏం తోస్తుంది చెప్పండి? పొద్దున్నే అందరూ ఎవరి పనులమీద వాళ్ళు పోతారు. మనం వంటింట్లో, ఆవిడ ముందుగదిలో. నాలుగోరోజుకి “ఇక వెళ్తానే, అక్కడ ఇల్లు తాళం వేసి వచ్చాను” అంటుంది. మేడల మధ్య ఆవిడకు ఊపిరాడదు. అంచేత విశాఖపట్నంలో కాపురమున్న మన అక్కచెల్లెళ్ళకు ఒక సలహా. ఒక రోజు తీరిక చేసుకుని అమ్మను అరకులోయకు తీసుకువెళ్ళండి. అత్తగారు వచ్చినా, నాన్నగారు వచ్చినా ఇదే మాట.

“నాకెందుకమ్మా ఈ తిరుగుళ్ళు, పిల్లల్ని తీసుకెళ్ళు” అంటుంది ఆవిడ. అది వద్దనడం కాదు. ఖర్చని కొంత, మోకాళ్ళ నొప్పులతో మనకు అడ్డమవుతానేమోనని కొంత. టిక్కెట్లు ముందే కొనేసి, ధర మాత్రం చెప్పకండి.

వెళ్ళేటప్పుడు రైలే మేలు. కిరండూల్ వెళ్ళే పాసింజరు పొద్దున ఏడు గంటల లోపే విశాఖలో బయల్దేరుతుంది. వేళలు మారుతూ వుంటాయి కనుక ముందురోజు కనుక్కోండి. ఈ దారి 1960 ప్రాంతాల్లో వేసింది మనుషులకోసం కాదు, బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు పంపడానికి. యాభైకి పైగా సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు. బొడ్డవర దాటాక కొండ ఎక్కుడు మొదలవుతుంది. కింద లోయలు, దూరాన మనం వచ్చిన పట్టాలే సన్నని గీతలా కనిపిస్తాయి. బొర్రా దాటాక వచ్చే శిమిలిగుడ దాదాపు 1000 మీటర్ల ఎత్తున వుంది. బ్రాడ్‌గేజి దారుల్లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషనని ఒకప్పుడు దానికి పేరు. 2017లో ఈ దారిలో అద్దాల పెట్టె కూడా తగిలించారు. పైకప్పులోంచి కూడా కొండలు కనిపిస్తాయి. అది దొరకకపోయినా చింత లేదు, మామూలు పెట్టెలో కిటికీ పక్క చోటు అమ్మకిస్తే చాలు.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి వత్తిడి తగ్గి చెవులు దిబ్బడ వేస్తాయి. అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పండి. ఒక ఏలక్కాయో, పిప్పరమెంటు బిళ్ళో నోట్లో వేసుకుని గుటకలు మింగితే విడిపోతాయి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తున వుంది. కనుక విశాఖలో ఉక్కపోస్తోంది కదా అని శాలువా ఇంట్లో వదలకండి.

ఇక తిండి సంగతి. పులిహోర, పొడి అద్ది నెయ్యి రాసిన ఇడ్లీలు, దద్దోజనం చాలు. అన్నంలో పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక్క చెంచాడే వేసి కలపండి. మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా తోడుకుంటుంది. చక్కెరజబ్బుకు మందు వాడేవారికి భోజనం వేళ తప్పనివ్వకండి. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే కాస్త పంచదార నోట్లో వెయ్యాలి. ఆ పొట్లం మీ చేతిసంచీలోనే వుండాలి.

పెద్దవాళ్ళు చెప్పుకోని ఇబ్బంది ఇంకొకటుంది. దారిలో ఒంటికి పోవలసి వస్తుందని సిగ్గుపడి మంచినీళ్ళే మానేస్తారు. దానివల్ల నీరసం, తలతిప్పు వస్తాయి. అడిగితే “అక్కర్లేదు” అంటారు. అడక్కండి. “నేను వెళ్తున్నాను, తోడు రా అమ్మా” అనండి, వస్తుంది. రక్తపోటుకు నీరు పోయే మాత్ర వాడుతుంటే ఆరోజు ఏ వేళకు వేసుకోవాలో ముందే డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు మానిపించకండి.

బొర్రాగుహలు చూడవలసినవే. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఆ నీరు గుహకప్పునుంచి బొట్టు బొట్టుగా పడుతూ మళ్ళీ సున్నాన్ని పేరుస్తుంది. పైనుంచి వేలాడే ఊడల్లాంటివి, కిందనుంచి లేచే లింగాల్లాంటివి అలా ఏర్పడ్డవే. వేల ఏళ్ళ పని అది, చేత్తో తాకకూడదు. పైనున్న కన్నంలోంచి ఆవు ఒకటి లోపల పడితే, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనిపించిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కాని లోపలికి మెట్లు చాలా వున్నాయి, తడి, చీకటి. మోకాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. లింగం అనగానే అమ్మ నొప్పి దాచుకుని బయల్దేరుతుంది. ఆవిడ మామూలుగా మీ మేడ మెట్లు ఎలా దిగుతుందో గుర్తు చేసుకోండి. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టుమీద రెండు కాళ్ళూ ఆనిస్తుంటే గుహ మానేసి నేరుగా అరకుకే వెళ్ళండి.

అరకులో నడక తక్కువ. గిరిజన మ్యూజియంలోని తిరగళ్ళు, బుట్టలు, నాగళ్ళు చూస్తే పల్లెలో పుట్టినవాళ్ళకు బోలెడు మాటలొస్తాయి. పద్మాపురం తోటలో చెట్లకింద కూర్చోవచ్చు. నవంబరు, డిసెంబరుల్లో వెళితే పొలాలనిండా పసుపుపచ్చని వలిసె పూలు. మా అమ్మ ఆ చేలగట్టున నిలబడి, తను పెళ్ళికాకముందు కుసుమచేనికి కాపలా వెళ్ళిన సంగతులు అరగంటసేపు చెప్పింది. నలభై ఏళ్ళలో నేనెప్పుడూ విననివవి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు చూపించండి. ఈ లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మకు అక్కడే ఒక కప్పు ఇప్పించండి.

తిరుగు ప్రయాణం కారులోనో బస్సులోనో అయితే మూడు గంటలకల్లా బయల్దేరండి. చలికాలంలో చీకటి తొందరగా పడుతుంది, ఘాటుమీద మంచు కమ్ముతుంది. మలుపుల్లో చెవిలోని తూకం ఒకటి చెప్తుంది, బండి లోపల చూసే కళ్ళు ఇంకొకటి చెప్తాయి. ఆ తికమకే వాంతికి కారణం. అంచేత అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, దూరంగా రోడ్డుకేసి చూడమనండి.

ఆఖరుగా ఒక్క మాట. మనం వెళ్ళిన ప్రతిచోటా గమనించండి. పిల్లలూ పెద్దలూ ఫోటోలు తీసుకుంటూ వుంటారు, ముసలమ్మ మాత్రం చెట్టుకింద సంచులకు కాపలా కూర్చుని వుంటుంది. “నేనిక్కడే వుంటాను, మీరు వెళ్ళిరండి” అని ఆవిడే అంటుంది, మనమూ తేలిగ్గా ఒప్పేసుకుంటాం. ఆ ఒక్కరోజు సంచులు మీవారికి అప్పగించండి. నాలుగు చోట్లు చూడాలని పరుగులు పెట్టొద్దు, రెండు చాలు. అమ్మ నడిచినంత మెల్లగా మీరూ నడవండి. అమ్మతో ఇలా గడిపే రోజులు మనకు ఎన్నో దొరకవు.