వీడియో గేమ్‌లలో వయోజన విషయం: ‘హాట్ కాఫీ’ వివాదం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక వీడియో గేమ్ ఏ వయసువారికి తగినదో నిర్ణయించేటప్పుడు తెరపై కనిపించేదానినే పరిగణించాలా, డిస్కులో దాగి ఉన్నదానిని కూడా లెక్కలోకి తీసుకోవాలా అన్న ప్రశ్న 2005లో అమెరికాలో తలెత్తింది. ఆ వివాద క్రమాన్నీ, 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పునూ కలిపి పరిశీలించి, లైంగికతకూ హింసకూ వేర్వేరు కొలమానాలు వర్తించిన తీరును వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వీడియో గేమ్, వయోవర్గీకరణ, అశ్లీలత, హింస, భావప్రకటనా స్వేచ్ఛ.

1. ప్రవేశిక:
1993 డిసెంబరులో సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ ‘మోర్టల్ కాంబాట్’, ‘నైట్ ట్రాప్’ వంటి గేమ్‌లపై అమెరికా సెనేట్‌లో విచారణ జరిపించారు. ప్రభుత్వ జోక్యాన్ని నివారించుకోవడానికి గేమ్ పరిశ్రమ 1994లో సొంత వర్గీకరణ మండలిని ఏర్పరచుకొంది. అదే ఇ.ఎస్.ఆర్.బి. ఇది ప్రభుత్వ సంస్థ కాదు. దీని వర్గాలలో ‘ఎం’ 17 ఏళ్లు నిండినవారికి, ‘ఏ.ఓ.’ 18 ఏళ్లు నిండినవారికి ఉద్దేశించినవి. రెండింటి మధ్య వయోభేదం ఒక్క సంవత్సరమే. కానీ ‘ఏ.ఓ.’ గేమ్‌లను కన్సోల్ తయారీదారులు తమ యంత్రాలపై అనుమతించరు. పెద్ద దుకాణాలు అమ్మకానికి పెట్టవు. కనుక ఆచరణలో ‘ఏ.ఓ.’ ముద్ర పడడమంటే విపణి నుండి బహిష్కరణే.

2. వివాద క్రమం:
రాక్‌స్టార్ సంస్థ రూపొందించిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ 2004 అక్టోబరులో ప్లేస్టేషన్ 2పై ‘ఎం’ వర్గంలో విడుదలైంది. కథానాయకుడిని అతని స్నేహితురాలు కాఫీకి ఇంట్లోకి ఆహ్వానిస్తుంది. కెమెరా ఇంటి బయటే నిలిచిపోతుంది. ఇంటి లోపల జరిగే లైంగిక సన్నివేశాన్ని, ఆటగాడు నియంత్రించగల చిన్న ఆటగా నిర్మాతలు మొదట రూపొందించి, తరువాత దానికి దారి మూసివేశారు. అయితే దాని కోడ్‌ను మాత్రం తొలగించలేదు.

2005 జూన్‌లో కంప్యూటర్ ప్రతి వెలువడగానే, నెదర్లాండ్స్‌కు చెందిన ఒక ప్రోగ్రామర్ ఆ దారిని తెరిచే మార్పును రూపొందించాడు. ‘హాట్ కాఫీ’ అన్న పేరు ఆ ఆహ్వానం నుండే వచ్చింది. ఇది హ్యాకర్ల పని అని సంస్థ మొదట వాదించింది. కానీ కన్సోల్ డిస్కులలోనూ అదే సన్నివేశం ఉన్నట్లు తేలడంతో ఆ వాదన నిలవలేదు. జూలై 20న ఇ.ఎస్.ఆర్.బి. ‘ఎం’ను రద్దు చేసి ‘ఏ.ఓ.’గా వర్గీకరించింది. విచారణ జరపాలని కోరుతూ ప్రతినిధుల సభ 355-21 ఓట్లతో తీర్మానించింది. 2006లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందంలో జరిమానా లేదు. ఇకపై వర్గీకరణకు సంబంధించిన విషయాన్ని దాచకూడదన్న షరతు మాత్రం ఉంది.

3. గేమ్ ‘పాఠం’ ఏది?
వర్గీకరణ మండలి గేమ్‌ను సాంతం ఆడి చూడదు. నిర్మాతలు పూరించిన ప్రశ్నావళి, వారు పంపిన దృశ్యఖండాల ఆధారంగానే నిర్ణయిస్తుంది. కాబట్టి నిర్మాత ఏది ‘గేమ్‌లో భాగం’ అని భావిస్తాడో అదే మండలి ముందుకు వస్తుంది. రచయిత కొట్టివేసిన పంక్తులు రాతప్రతిలోనే ఉండిపోతాయి, అచ్చుపుస్తకంలోకి రావు. సినిమాలో కత్తిరించిన దృశ్యం ప్రేక్షకుడికి చేరదు. గేమ్‌లో మాత్రం కొట్టివేత కూడా ప్రతి కొనుగోలుదారుడి చేతికీ అందింది. ఈ వివాదం తరువాత, తాళం వేసిన భాగాలను సైతం వెల్లడించాలని మండలి నిర్దేశించింది. అంటే ఆటగాడి అనుభవంతో పాటు డిస్కులోని కోడ్ కూడా పాఠంగా గుర్తింపు పొందింది.

4. లైంగికత, హింస - రెండు కొలమానాలు:
ఇదే గేమ్‌లో బాటసారులను చంపడం ‘ఎం’ వర్గానికి లోబడినదే. వయోజన పాత్రల పరస్పరాంగీకార లైంగికత దానిని ‘ఏ.ఓ.’గా మార్చింది. ఈ తేడా చట్టంలోనూ ఉంది. మైనర్లకు లైంగిక సామగ్రి అమ్మకాన్ని నియంత్రించవచ్చని 1968లో ‘గిన్స్‌బర్గ్ వర్సెస్ న్యూయార్క్’ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. హింసాత్మక గేమ్‌లను 18 ఏళ్లలోపువారికి అమ్మితే వెయ్యి డాలర్ల వరకు జరిమానా విధిస్తూ కాలిఫోర్నియా 2005లో చేసిన చట్టాన్ని మాత్రం 2011 జూన్ 27న 7-2 ఆధిక్యంతో కొట్టివేసింది.

పుస్తకాలు, నాటకాలు, చలనచిత్రాల వలెనే గేమ్‌లూ భావాలను వ్యక్తం చేస్తాయని, అందుచేత వాటికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని న్యాయమూర్తి స్కేలియా పేర్కొన్నారు. గ్రిమ్ కథలలోని క్రౌర్యాన్ని ఉదాహరించి, పిల్లల సాహిత్యానికి హింస కొత్త కాదన్నారు. పదమూడేళ్ల బాలుడికి నగ్నచిత్రాన్ని అమ్మడం నిషిద్ధమై, స్త్రీ రూపాన్ని హింసించి చంపే గేమ్‌ను అమ్మడం సమ్మతమవడంలోని వైరుధ్యాన్ని న్యాయమూర్తి బ్రేయర్ తన భిన్నాభిప్రాయంలో ఎత్తిచూపారు. ఈ ప్రశ్నకు అధికసంఖ్యాక తీర్పు ఇచ్చిన సమాధానం ప్రధానంగా చారిత్రకం: అశ్లీలతను నియంత్రించే సంప్రదాయం అమెరికా న్యాయచరిత్రలో ఉంది, హింసాచిత్రణను నియంత్రించే సంప్రదాయం లేదు.

5. ముగింపు:
- వయోజన విషయంపై జరిగిన వివాదం, గేమ్ పాఠానికి హద్దు ఎక్కడన్న సైద్ధాంతిక ప్రశ్నగా పరిణమించింది.
- స్వచ్ఛంద వర్గీకరణ పేరుకు సూచనే అయినా, విపణి కారణంగా నిషేధమంత బలాన్ని పొందగలదు.
- లైంగికతకు కఠినంగా, హింసకు ఉదారంగా వర్తించిన కొలమానం పిల్లలకు కలిగే హానిని తూచి నిర్ణయించినది కాదు; న్యాయసంప్రదాయం నుండి సంక్రమించినది. వర్గీకరణ విధానాలను అధ్యయనం చేసేవారు ఈ రెండింటినీ వేరు చేసి చూడవలసి ఉంటుంది.